తాలు

యార్డు పద్దు పుస్తకం వెనక పేజీ చింపి
ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
ఎడమ పక్క తేదీ, కుడి పక్క
తిన్నదీ తిననిదీ.
తినలేదు. తినలేదు. తినలేదు.

మా హనోకు దానికి తేజ అని పేరు పెట్టాడు.
నేనే మార్చాను.
ఎర్రటి ఒంటి మీద అక్కడక్కడా తెల్లబోయిన మచ్చలు,
కల్లంలో ఏరి పక్కకి పోసే కాయకి మల్లే.
తాలు.
చెన్నై నుంచి కాగితాలతో సహా వచ్చింది,
మన దేశపుది కాదు, విషం లేదు,
అప్పటికి పెన్సిలంత లావు కూడా లేదు.

ఐస్‌క్రీమ్ డబ్బాలో
కళ్లు తెరవని ఎలుకపిల్లలు, గడ్డకట్టినవి,
దోసెల పిండికి పై అరలో.
అటు చూడకుండా మంచినీళ్ల సీసా తీసుకోవడం
మా ఆయన వారంలో నేర్చుకున్నాడు.

గోరువెచ్చటి నీళ్లలో వేసి, తడి తుడిచి,
పట్టకారుతో దాని ముందు ఆడిస్తాను.
నాలుక ఒకసారి బయటికొస్తుంది.
రెండోసారి.
తల తిప్పేసుకుని
కొబ్బరిచిప్ప కిందికి పోతుంది.

కింది వాటా సామ్రాజ్యమ్మ గారు గ్లాసుతో పాలు తెచ్చారు.
పాములు పాలు తాగవండీ అన్నాను.
“మరి చవితినాడు మేం పోసినవన్నీ ఎవరు తాగారే అమ్మాయ్?”
కాసేపు ఆలోచించి
మెట్ల మీద కూచుని ఆవిడే తాగేశారు.

కళ్లు నీలంగా మసకేసిన వారం వదిలేశాం,
కుబుసానికి వచ్చిందని.
విడిచింది. ఉల్లిపొర కన్నా పల్చన.
వాడు సైన్సు నోట్సులో దాచుకున్నాడు.
అప్పుడూ తినలేదు.

ఒక రాత్రి కరెంటు వచ్చేదాకా నిద్ర పట్టక
సెల్‌ఫోను వెలుగులో ఆ కాగితం ముందు నిలబడ్డాను.
లెక్కలు రాసేదాన్ని కదా,
అడ్డంగా కాక నిలువుగా చదివాను.
రెండు నెలల్లో నాలుగుసార్లు తిన్నది.
నాలుగూ ఆదివారాలే.

ఆదివారం యార్డుకి సెలవు.

చిలకలూరిపేట రోడ్డులో పదిహేడేళ్లుగా
కాటా చీట్లు రాస్తున్నాను.
గోళ్ల సందుల్లో, గాజుల కింద, కుచ్చిళ్లలో
సన్నటి ఎర్రపొడి.
సబ్బు, శనగపిండి, మజ్జిగ,
కొబ్బరినూనె, మళ్లీ సబ్బు.
నాకు ఘాటు తెలియడం ఎప్పుడో మానేసింది.
నాలుకతో వాసన చూసేదానికి తెలుస్తుంది కాబోలు.
అదే కారణమో కాదో
ఎవరు చెప్పొచ్చారు.

హనోకుకి మూడో నెలప్పుడు
ఆటో దిగి పరుగున వచ్చి ఒళ్లో వేసుకునేదాన్ని.
ఒక్క గుక్క.
తల తిప్పేసేవాడు.
మొహం కందిపోయేలా ఏడ్చేవాడు.
“పాలు పడలేదే నీకు” అంది మా అత్త.
పెద్దాసుపత్రి నర్సూ అదే మాట.
అత్త సీసా పడితే గటగటా తాగాడు.
నేను వంటింట్లోకి పోయి పైట తడుపుకున్నాను.

ఆదివారాలు తాగేవాడా?
ఎంత తవ్వినా గుర్తు రాదు.
అప్పుడు కాగితం అంటించలేదు.

నిన్న మంగళవారం.
పట్టకారు వాడికిచ్చాను.
నేను గుమ్మం అవతల,
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.
నాలుక ఒకసారి. రెండోసారి.
తర్వాత నేను చూడలేదు, అంత వేగం.

తోక వైపు నుంచి మొదలెట్టింది.
“అమ్మా, తల వైపు నుంచి కదా మింగాలి!”
“దాని నోరు, దానిష్టం. నువ్వు కదలకు.”
వెనక కాళ్లు అడ్డం పడ్డాయి.
దవడ ఒకసారి కుడికి జరిగింది, ఒకసారి ఎడమకి.
నల్లపాడు వైపు గూడ్సు పోయింది,
గాజుపెట్టె సన్నగా అదిరింది.
ఆగింది.
మేమిద్దరం ఊపిరి ఆపాం.
మళ్లీ మొదలెట్టింది.

నాలుగు రోజులు ముట్టుకోకూడదు, కక్కేస్తుంది.
నాకేం, అలవాటే.

పొద్దున్న చూస్తే కాగితం మీద వాడి రాత,
తిన్నది.
పక్కన చిన్న అక్షరాలతో,
తిరగేసి.